మూడో సమీకరణం

టీచరమ్మ పోయారని పొద్దున్నే కబురొచ్చింది. ఏడవాల్సింది పోయి నాకు ముందు కోపం వచ్చింది. "రేపు రా, ఎందుకో చెప్పి పో" అని ముందురోజు సాయంత్రమే నన్ను పంపేసిన మనిషి, ఆ రేపు లేకుండా చేసి పోవడమేమిటి?

పొదిలిలో ఆవిడ లెక్కలు చెప్పి రిటైరైన హైస్కూల్లోనే నేను అటెండర్ని. ఎప్పుడో తప్పిన ఇంటర్ లెక్కలు గట్టెక్కితే, గంట కొట్టడం మాని గుమాస్తా కుర్చీలో కూర్చోవచ్చు. అందుకే ఈ వయసులో ఆవిడ అరుగెక్కాను. ఆవిడ ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తూ పాఠం చెప్పేవారు. నేను దగ్గుతూ వినేవాణ్ణి.

కుడివైపు అన్నీ సున్నాలుండే సమీకరణాలంటే నాకు భలే ఇష్టం. x సున్నా, y సున్నా, z సున్నా అని రాసి పారేసేవాణ్ణి.

"తప్పయితే చూపించండి టీచరమ్మగారూ!"

"తప్పెందుకవుద్దిరా? ఖాళీ గోతాం పెడితే ఏ కాటా తప్పు చెబుద్ది? లోపల సరుకుండే వీలుందా, అది చెప్పు."

ఓసారి "మాత్రిక కోటి రెండు" అన్నారు. "పొదిలంతా వెతికినా ఒక్క కోటి దొరకదు, మీకు రెండెక్కడివండీ?" అన్నాను. గుప్పెడు తొడిమలు నా మొహాన పడ్డాయి.

"ఎదవా, కోటంటే డబ్బు కాదు. ఉన్న సమీకరణాల్లో ఎంతమంది వేరే మాట చెబుతున్నారో ఆ లెక్క."

నవ్వాను గానీ ఎక్కలేదు.

ఆ చివరి సాయంత్రం అడిగారు: "మొదటి కుప్ప రెండోదాంతో సమానం. రెండోది మూడోదాంతో సమానం. మూడోది మొదటిదానికి రెట్టింపు. ఏ కుప్ప ఎంత?"

"ఎవడో అబద్ధమాడుతున్నాడండీ."

"ఎవడూ ఆడట్లేదు."

"అయితే కుప్పల్లేవు."

"ఆఁ! రెట్టింపు తీసేసి k రెట్లు అనుకో. k ఎంతైతే కుప్పలుంటాయి?"

కిందా మీదా పడి ఆ మూడు సమీకరణాల గుణకాలతో నిర్ధారకం కట్టి, దాన్ని సున్నా చేసి, "ఒకటి" అన్నాను.

"ఎందుకు?"

"నిర్ధారకం సున్నా అవ్వాలని పుస్తకంలో ఉందిగా!"

"అది పుస్తకం చెప్పింది. నువ్వు చెప్పు. రేపు రా."

ఉక్రోషంతో లేచొచ్చేశాను. వస్తానని కూడా చెప్పలేదు.

తెల్లారి ఆవిణ్ణి అదే అరుగు మీద చాప వేసి పడుకోబెట్టారు. "రాత్రి అన్నం తిన్నది" అంటోంది ఆవిడ చెల్లెలు. "పొద్దున లేవలేదు" అంటోంది కోడలు. వచ్చినవాళ్లకల్లా పక్కింటాయన చెబుతున్నాడు: "రాత్రి తిన్నారండీ, పొద్దున లేవలేదు."

మూడో మనిషి. కొత్త మాట ఒక్కటీ లేదు. k ఒకటైతే మూడో సమీకరణం చేసే పని అదే. మొదటి రెండూ చెప్పిందే మళ్లీ చెబుతుంది, అడ్డం పడదు. అందుకే కుప్పలు ఎంతైనా ఉండొచ్చు. అరవబోయి నోరు మూసుకున్నాను. ఎవరికి చెప్పను? అడిగిన మనిషి కళ్లు మూసుకుని ఉంది.

పరీక్షలో అలాంటి లెక్కే వచ్చింది. k విలువ కట్టాను. మార్కులు దానికే. అయినా ఎవరూ అడగని "ఎందుకు" కూడా తెలుగులో రాస్తూ కూర్చున్నాను. "టైమైపోయిందయ్యా, ఇవ్వు!" అని ఇన్విజిలేటరు పేపరు లాక్కున్నాడు. జెల్ పెన్ను సిరా ఇంకా ఆరలేదు. చివరి మాట ఆయన బొటనవేలికి అంటుకుని పోయింది.