గీత పడిన చోట పిన్ని చెప్పిన కథ

డిస్కుల పిన్ని అంటే ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. ముందు గదిలో కుట్టు మిషను, దాని వెనక గోడ పొడుగునా సినిమా డిస్కులు. బట్టలు కుడుతూనే డిస్కులు అద్దెకిచ్చేది. తిరిగొచ్చిన డిస్కుని కిటికీ వెలుతురుకి ఎత్తి చూసి, నూలుగుడ్డతో నడిమి నుంచి అంచుకి తుడిచేది. ఎవరైనా గుండ్రంగా తుడిచారో, "గిన్నె తోముతున్నావా?" అని వాయించేది.

ఎంత తుడిచినా డిస్కు డిస్కే. ఒకళ్లు పెట్టెలో వేరే సినిమా పెట్టి తెచ్చేవాళ్లు, ఇంకొకళ్లు దానిమీద వేడి గ్లాసు పెట్టేవాళ్లు. సరిగ్గా మంచి పట్టులో బొమ్మ గళ్లు గళ్లుగా చెదిరి ఆగిపోయేది.

వాటిల్లో ఒకటి సముద్రం ఒడ్డున లైట్‌హౌస్‌లో దీపం కాసే అన్నదమ్ముల సినిమా. ఇద్దరూ పోట్లాడుకుని మాటలు మానేస్తారు. అన్న చేతికి తమ్ముడి ఉత్తరం వస్తుంది. అక్కడ ఆగిపోతుంది. ముందుకి తోస్తే పద్నాలుగు నిమిషాలు ఎగిరిపోయి, ఇద్దరూ ఒకే పడవలో తెడ్లు వేస్తుంటారు. మధ్యలో ఏమైందని అడగనివాళ్లు లేరు.

"అన్నే ముందు మెట్లు దిగాడు," అని చెప్పేది పిన్ని. "తప్పెవరిదని అడగలేదు. 'తిన్నావా' అన్నాడు. అంతే, తమ్ముడు కూలబడి ఏడ్చాడు."

ఎంత బాగా చెప్పేదంటే, డిస్కు ఇచ్చిపోదామని వచ్చినవాళ్లు స్టూలు లాక్కుని కూర్చునేవాళ్లు. అసలు సంగతి పిన్నికొక్కదానికే తెలుసు. ఆ ముక్క తనూ చూడలేదు. డిస్కు కొన్ననాడే దానికి గీత ఉంది.

తాళాలు బాగుచేసే ఆయన ఆరేళ్లు తమ్ముడి గడప తొక్కలేదు. పిన్ని నోట ఆ కథ విని మర్నాడే వెళ్లాడు. ఇప్పుడు ఇద్దరిదీ ఒకే కొట్టు. "అంతా ఆ సినిమా చలవ," అని వచ్చినవాళ్లందరికీ చెప్తాడు.

ఈమధ్య కూతురు టీవీకి నెట్ పెట్టించింది. "ఇంక తుడిచే పని లేదమ్మా. నొక్కితే సినిమా."

పిన్ని మూతి ముడవలేదు. ముచ్చటపడింది కూడా. "ఎక్కడ ఆపానో అదే గుర్తుపెట్టుకుంటుంది. ఈ ఇంట్లో ఇంకెవరికుంది అంత జ్ఞాపకం?" అంది.

ఒక ఆదివారం కూతురికి అందులో ఆ అన్నదమ్ముల సినిమా కనబడింది. వెంటనే తాళాలాయన్ని పిలిచింది. పిన్ని మిషను దగ్గరికి జరిగి సూది చేతిలోకి తీసుకుంది.

ఎక్కడా ఆగకుండా నడిచింది సినిమా. ఉత్తరం వచ్చింది. అన్న దాన్ని పొయ్యిలో పడేశాడు. వాన కురిసింది. తాడు తెగి పడవ కొట్టుకుపోతుంటే, దాన్ని ఆపడానికి ఇద్దరూ అందులోకి ఎక్కారు. ఒక్క మాట లేదు.

పిన్ని అప్పటికి నాలుగోసారి సూదిలో దారం గుచ్చుతోంది.

"అమ్మా, 'తిన్నావా' ఏదీ?" అంది కూతురు.

"లేదే. నేనెప్పుడూ చూడలేదు." పిన్ని తాళాలాయన వైపు తిరిగింది. "కల్పించి చెప్పాను నాయనా. నువ్వు నమ్మి వెళ్లావు. తిట్టాలనుంటే తిట్టు."

ఆయన టీవీ మీంచి చూపు పిన్ని వైపు తిప్పాడు. "అయితే ఆ మాట నీదా పిన్నీ?"

"నాదే."

"ఇన్నాళ్లూ ఆ పేరు సినిమావాళ్లకి కట్టబెట్టానే. ఇదే చూసుంటే నేను కదిలేవాణ్ని కాదు. ఇందులో ఒక్కడూ నోరు విప్పలేదు." లేచి చెప్పులు వేసుకున్నాడు. "రేపు తమ్ముణ్ని తీసుకొస్తా. ఈ నున్నటిది వద్దు, డిస్కు పెట్టు. ఆగిన చోట నువ్వు చెప్పు."

"మా అమ్మ పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. దానికి తోడు మీరొకరు," అంది కూతురు నవ్వుతూ.

పిన్ని తల ఎత్తుకుని గోడ దగ్గరికి వెళ్లింది. డిస్కు తీసి వెలుతురుకి పట్టుకుని, నడిమి నుంచి అంచుకి తుడిచింది. ఆ గీత జోలికి మాత్రం పోలేదు.