పద్నాలుగో దారిలో ఆగిన కుళాయి

నీటి సరఫరా ఆఫీసులో ఆయన్ని అందరూ కొత్తదారి గారనేవారు. అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. కుళాయి కోసం పెట్టిన దరఖాస్తు ఎవరి తర్వాత ఎవరి దగ్గరికి వెళ్ళాలో కంప్యూటర్‌లో డబ్బాలూ బాణాలూ గీసి, కింద ‘ప్రచురించు’ అన్న బటన్ నొక్కడం ఆయన ఉద్యోగం. నొక్కగానే కొత్త వెర్షన్ అమల్లోకి వస్తుంది. పదకొండేళ్ళలో ఇరవై రెండు వెర్షన్లు నొక్కాడు. దానివల్ల ఒక్క పైపూ అంగుళం ముందుకు జరగలేదు గానీ, బాణాలు మాత్రం చూడముచ్చటగా ఉండేవి.

ఏ వెర్షన్‌లో మొదలైన దరఖాస్తు ఆ వెర్షన్‌లోనే ముగియాలన్నది ఆయన బిగించిన నియమం. పద్నాలుగో వెర్షన్‌లో మేడ మీది ఇళ్ళు చూసొచ్చే తనిఖీదారు ఒకడుండేవాడు. పదిహేనో దాంట్లో, బొమ్మ ఇరుకైపోయిందని ఆ డబ్బా చెరిపేశాడీయన. తనిఖీదారు వేరే శాఖకి వెళ్ళిపోయాడు. అతని కోసం వచ్చిన దరఖాస్తులు ఖాళీ కుర్చీ ముందు నిలబడిపోయాయి. వెనక్కి తీసుకుని కొత్తగా పెట్టుకుందామన్నా ఆ తనిఖీదారే ఒప్పుకోవాలి.

రెండో అంతస్తులో ఒంటరిగా ఉండే రిటైరైన పంతులమ్మ ఒకావిడ తన కుళాయి ఏమైందని మోకాళ్ళు పట్టుకుంటూ మూడుసార్లు వచ్చింది. పాత దరఖాస్తు పాత దారిలోనే నడవాలనీ, వరుస అంటే వరుసేననీ ముక్కు మీద గుద్దినట్టు చెప్పి పంపేశాడు. ఆ రోజు మధ్యాహ్నం సుబ్బరంగా భోంచేశాడు కూడా.

చేసిన పాపం ఊరికే పోతుందా? ఆయన తమ్ముడి ఇంటి మీద మేడ వేసుకున్నాడు. మహా ముందుచూపు గలవాడు కనుక గోడలు లేవకముందే కుళాయికి దరఖాస్తు పెట్టాడు, పద్నాలుగో వెర్షన్ రోజుల్లోనే. కాపురానికొచ్చి ఎనిమిది నెలలైనా చుక్క నీరు లేదు. భార్య రోజూ తోడికోడలి ముఖం చూస్తూ కింది నుంచి బకెట్లు మోసేది. సొంత ఆఫీసులో అడగడం ఈయనకి నామోషీ. చివరికి ఆవిడే వెళ్ళి కౌంటర్లో అడిగి, ఇంటికొచ్చి బకెట్ దింపింది.

“పాత దరఖాస్తు పాత దారిలోనే నడవాలటండీ. ఎవరో కొత్తదారి గారు పెట్టిన రూలట. ఆయనెవరో మీకు తెలుసా?”

ఆయన నీళ్ళు నమిలాడు. ఆ ఇంట్లో పుష్కలంగా ఉన్నవి ఆ నీళ్ళే.

మర్నాడు ఖాళీ కుర్చీలో తన పేరే రాసుకున్నాడు. తన కాగితం ఒక్కటి దాటించుకుని దిగిపోదామని ఎత్తు. రెండువందల పద్దెనిమిది దరఖాస్తులు దబ్బున మీద పడ్డాయి. తనది రెండువందల పదకొండోది. ముందున్న ఇంటి గుమ్మం ఫోటో ఎక్కిస్తే తప్ప వెనక దరఖాస్తు తెరుచుకోదు. కుర్చీలో మనిషిని మార్చొచ్చు గానీ, ప్రచురించిన వెర్షన్‌లో అక్షరం మార్చడానికి వీల్లేకుండా తాళం వేసిన మహానుభావుడూ ఆయనే.

మొదటి పేరు పంతులమ్మది. రొప్పుతూ మెట్లెక్కాడు. ఆవిడ గుర్తుపట్టింది, తిట్టలేదు. ఖాళీ బకెట్ చేతికిచ్చింది.

“కింద పంపు దగ్గర రెండు బకెట్లు పట్టుకురండి. తర్వాత తనిఖీ చేద్దురుగాని.”

అది పద్ధతిలో లేదన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాడు. రెండో బకెట్ సగం ప్యాంటు మీదే ఒలికింది. భార్య ఎనిమిది నెలలుగా ఇదే చేస్తోందని అప్పుడు తట్టి, నిజంగానే సిగ్గుపడ్డాడు. గుమ్మం ఫోటో తీసి ఎక్కించాడు.

సాయంత్రం భార్య ఇంకా ఎన్నున్నాయని అడిగింది. మన ముందు రెండువందల తొమ్మిది అన్నాడు. ఆవిడ రెండు బకెట్లూ ఆయన చేతుల్లో పెట్టింది.

కింద కుళాయి దగ్గర మరదలు తన డ్రమ్ము నింపుకుంటోంది. బావగారిని చూసి కొంగు సర్దుకుంది గానీ, పక్కకి జరగలేదు.

“ముందు మావి నిండనివ్వండి బావగారూ. వరుస అంటే వరుసే కదా.”