సెల్లులో సేద్యం, చేతికి స్ప్లింట్

నీళ్ల చెంబు ఎత్తబోతే చేతిలోంచి జారి పడింది. కుడి బొటనవేలి మొదట్లో సూదితో పొడిచినట్టు నొప్పి. వారం తిరిగేసరికి చొక్కా గుండీ కూడా పెట్టుకోలేకపోయాను.

మాది తిరుమణి. పొలం సోలార్ పార్కుకు లీజుకిచ్చాక పొద్దు పోక సెల్లులో సేద్యం ఆట పట్టుకున్నాను. దున్నడం, విత్తడం, కోయడం అన్నీ బొటనవేలితోనే. నిజం శెనక్కాయ అయితే పీకి, కాయ కొట్టి, మూటలు కట్టాక పని తీరుతుంది. ఈ ఆటలో కోసిన వెంటనే ఇంకో లెవెల్. అన్నం తింటూ కూడా ఆడాను.

పావగడ ఆసుపత్రిలో డాక్టరమ్మ నా బొటనవేలిని గుప్పిట్లో మూయించి చెయ్యి కిందికి వంచింది. ప్రాణం పోయినంత పనైంది.

"దీన్ని డి క్వెర్వేన్స్ అంటారు. బొటనవేలిని కదిలించే నరం, టెండన్, వాచింది. ఏం పని చేస్తారు?"

"సేద్యమమ్మా."

పక్కనున్న నా భార్య లక్ష్మక్క నావైపు ఓరగా చూసింది. డాక్టరమ్మ మాత్రలు, వేలు కదలకుండా కట్టే స్ప్లింట్ ఇచ్చి, బరువు పనులు మానమంది. నేను స్ప్లింట్ కట్టుకుని ఎడమ చేత్తో ఆడాను. అదీ వాచింది.

అప్పుడే మా బిడ్డ సుజాత పసివాణ్ణి తీసుకుని ఇంటికి వచ్చింది. మనవణ్ణి చేతుల్లో పెట్టగానే నా పట్టు తప్పింది. లక్ష్మక్క అందుకోబట్టి సరిపోయింది.

"మీ నాయన సేద్యమంతా సెల్లులోనేమ్మా," అంది సుజాతతో. "డాక్టరమ్మకాడ అబద్ధం చెప్పినాడు."

బిడ్డ ముందు తల ఎత్తలేకపోయాను.

మళ్లీ వెళ్లి నిజం చెప్పాను. డాక్టరమ్మ నవ్వలేదు. "ముందే చెప్పుంటే రెండో చెయ్యన్నా మిగిలేది కదప్పా," అంది. రెండు చేతులకూ ఇంజెక్షన్ వేసి, సెల్లు పక్కన పెట్టమంది. గొర్రెల దొడ్డి వెనక దాక్కుని ఒకసారి మళ్లీ ఆడాను. నొప్పి తిరగబెట్టింది. అడిగితే నిద్రలో చెయ్యి ఒంటికింద నలిగిందన్నాను. ఎవరూ నమ్మలేదు.

నొప్పి తగ్గాక సుజాత ఆ ఆట తీసేసి ఇంకొకటి పెట్టింది. గొర్రెపిల్లను కొండ దాటించి ఇంటికి చేర్చాలి, అంతే. టీ చల్లారేలోగా చేరింది.

"ఇంకేముండాది?" అన్నాను.

"ఇంకేం లేదు నాయనా. అయిపాయ. లెయ్యి."

ఏదో పని పూర్తి చేసినట్టు ఒళ్లు తేలికైంది. సెల్లు ఇచ్చేసి లేచాను.

ఇప్పుడు మనవణ్ణి ఎత్తుకుంటున్నాను, గోడకు ఆనుకుని కూర్చుని. ఆడాలనుకుంటే ముగిసిపోయే ఆట ఆడండి, అదొక్కటే నేను చెప్పగలిగింది. మొన్న చెకప్‌లో కొత్త నర్సు అడిగింది, ఏం పని చేస్తారని. సేద్యమని అనబోయి, "ఏమీ లేదమ్మా," అన్నాను. సెల్లు సంగతి ఒప్పుకున్నప్పటి కంటే ఈ మాటకే ఎక్కువ సిగ్గేసింది.