పోర్టికోకి కట్టిన తాడు

తెల్లాపూర్‌లో ఇల్లు కొన్నాక మా ఆయనకి పోర్టికో నేల పిచ్చి పట్టుకుంది. ఎవరింట్లోనో చూసొచ్చాడు. సిమెంటు మీద బూడిద రంగు ఎపాక్సీ పూత వేస్తే ముఖం చూసుకోవచ్చట. ముఖం చూసుకోడానికి అద్దాలున్నాయిగా అన్నాను. మా ఇంట్లో నా మాట చెల్లేది కూరల దగ్గరే కాబట్టి పూత వేయించాలనే తేలింది.

పని చేయడానికి వచ్చినాయన పాలమూరు వైపు మనిషి. నలభై దాటి ఉంటాయి. హఫీజ్‌పేట్‌లో కిరాయి ఇంట్లో ఉండేవాడు. చాలా ఏళ్లు ఒక కాంట్రాక్టర్ కింద కూలికి చేసి, అప్పుడప్పుడే సొంతంగా పనులు పట్టుకోవడం మొదలుపెట్టాడు. మా గేటెడ్ కమ్యూనిటీలో అతనికి పని దొరికిన మొదటి ఇల్లు మాదే. మా వీధిలో మరో ఐదారు ఇళ్లవాళ్లు మా నేల చూశాక తామూ వేయించుకుందామని ఆగారు. అది అతనికి తెలుసు. అందుకే కాబోలు మోకాళ్ల మీద పాక్కుంటూ మూలలు కూడా వదలకుండా గీకాడు. తుడిచిందే మళ్లీ తుడిచాడు.

"ఎన్నాళ్లుంటుంది?" అని అడిగాను. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. ఏది ఎక్కడ చెడింది, ఎవరి వల్ల చెడింది అని రాయడమే నా ఉద్యోగం. అనుమానంతోనే అడుగుతాను ఏదైనా.

"మంచిగ చూస్కుంటె పదేండ్లు ఉంటది మేడమ్. నా పని నన్నెన్నడు తిట్టియ్యలె."

పూత అయ్యాక రెండు స్తంభాలకీ అడ్డంగా తాడు కట్టాడు. "రేపటి సంది నడవొచ్చు. బండి మాత్రం ఏడు రోజులు పెట్టొద్దు. పైకి ఎండినట్టె కొడ్తది గని లోపట పచ్చిగనే ఉంటది. జర ఓపిక పట్టున్రి" అన్నాడు. సరేనన్నాను.

మర్నాడు మా అత్తగారు పంచాంగం తీశారు. మేం బుక్ చేసిన కొత్త కారు పై వారం రావాలి. ఈలోగా మూఢం వచ్చేస్తోంది. మూఢంలో కొత్త బండి ఇంటికి తెచ్చుకుంటారటే, అన్నారావిడ. షోరూమ్‌వాళ్లని బతిమాలి పూత వేసిన మూడో రోజుకి మార్పించాం. ఇక్కడ అత్తగారి మీదకి నెట్టేసి ఊరుకోవచ్చు. కానీ ఆ రోజు కారుని గెస్టుల పార్కింగ్‌లో పెట్టుకోవచ్చని మా ఆయన అన్నాడు. నేనే వద్దన్నాను. కొత్త నేల మీద కొత్త కారు ఫోటో దిగాలని నాకు కోరిక. తాడు విప్పిందీ నేనే.

ఏప్రిల్ ఎండలో కొండాపూర్ షోరూమ్ నుంచి వచ్చిన కారు. టైర్లు చేత్తో ముట్టుకోలేనంత వేడిగా ఉన్నాయి. హారతిచ్చి, కుంకుమ చల్లి, నాలుగు టైర్ల కిందా నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. ఫోటోలు బాగా వచ్చాయి. కారు రాత్రంతా అక్కడే ఉంది. పొద్దున మా ఆయన వెనక్కి తీస్తుంటే చర్రుమని చప్పుడైంది. టైరు నిలబడ్డ నాలుగు చోట్లా అరచేతి మేర పూత ఊడొచ్చేసి కింద సిమెంటు కనిపించింది.

నాకు పట్టలేనంత కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. ఐదారు రోజులు లోలోపల ఉడికి, చివరికి ఆ నాలుగు మచ్చలనీ ఫోటో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. 'పట్టుమని పది రోజులు కూడా ఆగలేదు' అని రాశాను. కారు సంగతి రాయలేదు.

మా ఆయన ఫోన్ చేస్తే అతను ఆ సాయంత్రమే వచ్చాడు. గొంతుక్కూర్చుని మచ్చల అంచులు తడిమాడు. నిమ్మరసం పడ్డచోట నేల తెల్లగా పాలిపోయి ఉంది. పక్కన కుంకుమ పచ్చి పూతలోకి దిగి అలాగే గట్టిపడిపోయింది. దాన్ని గోరుతో గీకి చూశాడు. రాలేదు.

"బండి ఎప్పుడు పెట్టిన్రు మేడమ్?"

"ఏడు రోజులయ్యాకే" అన్నాను.

అతను కుంకుమ వైపు చూశాడు, నా వైపు చూడలేదు. "అట్లనా. అట్లయితే నా తప్పే అయ్యుంటది" అన్నాడు. పైసా అడగకుండా నాలుగు చోట్లా మళ్లీ పూత వేసి తాడు కట్టి వెళ్లాడు. మా ఆయన తేలు కుట్టిన దొంగలా లోపలే ఉండిపోయాడు. నేను టీ ఇచ్చాను. తాగాడు.

మా వీధిలో ఎవరూ అతన్ని పిలవలేదు. నెల తర్వాత ఫోన్ చేశాడు. "మేడమ్, రిపేర్ చేసిన, ఇప్పుడు మంచిగుంది అని గ్రూపుల ఒక్క మాట పెట్టరా? గీ పనుల మీదనే ఆశ పెట్టుకున్న. లేకుంటె మల్ల కూలికే పోవాలె." చూస్తానండీ అన్నాను. ఆ మాట రాస్తే మొదటి మాట ఎందుకు రాశానని అడుగుతారు. రాయలేదు. మళ్లీ ఇంకోసారి చేశాడు, ఎత్తలేదు. ఆ తర్వాత ఒకరోజు సిగ్గేసి నేనే చేస్తే ఆ నంబర్ పనిచేయడం లేదంది. అతను మళ్లీ కూలికి పోయాడో, తన ఊరికి వెళ్లిపోయాడో నాకు తెలియదు.

ఇదంతా జరిగి ఎనిమిదేళ్లయింది. అతికించిన నాలుగు చోట్లా మళ్లీ లేచింది. మొన్న మా ఆయన మొత్తం తీయించి టైల్స్ వేయిద్దామన్నాడు. పనికి వచ్చిన మేస్త్రీ గ్రైండర్ పెట్టి పొద్దంతా గీకినా సగం కూడా ఊడలేదు. చెమట తుడుచుకుంటూ అన్నాడు.

"ఎవరు చేసిన్రో గని గట్టిగ చేసిన్రు మేడమ్. ఇంకా రెండు మూడేండ్లు ఢోకా లేకుండె. గీ నాలుగు జాగలల్లనే లేచింది. ఎండకముందే బండి పెట్టిన్రా ఏంది?"

"అవును. మూడో రోజే పెట్టాం" అన్నాను.

ఆ మాట నా నోటి నుంచి బయటికి రావడం అదే మొదటిసారి. వినాల్సిన మనిషి అక్కడ లేడు. మేస్త్రీ తలూపి, మళ్లీ గ్రైండర్ ఆన్ చేశాడు.