క అక్షరంతో మొదలయ్యే ఊళ్ళు

మొన్నొక రోజు పొద్దున్నే మా ఇంట్లో ఇంటర్నెట్ ఆగిపోతే, ఫిర్యాదు చేద్దామని ఫోన్ చేశాను. అవతల మనిషి లేడు, మిషను ఉంది. ఆడగొంతుతో చాలా మర్యాదగా పలకరించి, మీ ఊరి పేరు చెప్పండి అంది. నేనిప్పుడు ఉంటున్న ఊరు కరీంనగర్. ఆ పేరులోని మొదటి అక్షరం అరవై ఏళ్ళుగా నా గొంతుకు అడ్డం పడుతూనే ఉంది, ఆ రోజూ పడింది. నేను "క... క..." అంటుండగానే, మీరు చెప్పింది అర్థం కాలేదు, క్షమించండి అని ఆ మిషను ఫోన్ పెట్టేసింది. రెండోసారీ అంతే. పక్కనే కూరగాయలు తరుగుతున్న మా కోడలు చూడలేక చేయి చాపి, "ఇటియ్యండి మామయ్యా, నేను చెప్త" అంది. ప్రేమతోనే అంది పాపం. కానీ నేను ఫోన్ ఇవ్వలేదు. "ఉండు బిడ్డా, ఊరు నాది, పేరు నేనే చెప్త" అన్నాను. మూడోసారి మిషను కంటే ముందే ఊపిరి తీసుకుని కూర్చుని, పేరు మొత్తం చెప్పాను. తీసుకుంది. గంత పట్టుదల ఏంది మామయ్యా అని కోడలు నవ్వింది గానీ, ఆ పట్టుదల ఎక్కడ నుంచి వచ్చిందో ఆమెకు ఎప్పుడూ చెప్పలేదని అప్పుడే గుర్తొచ్చింది. నా వయసు వాళ్ళయితే, ఆ రోజుల్లో సిరిసిల్ల నుంచి కరీంనగర్ బస్సెక్కిన వాళ్ళయితే, చెప్పగానే గుర్తుపడతారు.

మాది సిరిసిల్ల. మరమగ్గాలను మా వైపు సాంచెలంటారు. బాపు ఆ సాంచెల మీద పనిచేసేవాడు, అవ్వా అక్కా ఇంట్లో బీడీలు చుట్టేవారు. నాకు నత్తి ఎప్పుడు మొదలైందో తెలియదు, మాటలతోపాటే వచ్చిందని అవ్వ అనేది. వస కొమ్ము అరగదీసి తేనెతో నాకించారు, నాలుక కింద గులకరాళ్ళు పెట్టించారు, ఎవరు ఏది చెబితే అది చేశారు. రాళ్ళు తీసేశాక నత్తి మళ్ళీ వచ్చేది. బడిలో హాజరు పిలిచేటప్పుడు అందరూ "ప్రెజెంట్ సార్" అనేవారు. నాకు ఆ "ప్ర" దగ్గరే బండి ఆగిపోయేది, అది కదిలేలోపు పంతులు తరువాతి పేరుకు వెళ్ళిపోయేవాడు. రోజూ బడికి పోయి కూడా రిజిస్టరులో లేని వాణ్ణి నేను. తోటివాళ్ళు నత్తోడా అని పిలిచేవారు, అది నా అసలు పేరంత మామూలైపోయింది.

నాకు మాట తడబడని చోటు ఒకటే ఉండేది, అది సాంచెల షెడ్డు. బాపుకు సద్ది పట్టుకుపోతే, ఆ పదహారు మగ్గాల చప్పుడులో ఎవరి గొంతు వాళ్ళకే వినపడేది కాదు. ఆ హోరులో నా నోట్లో నుంచి మాటలు వాగు నీళ్ళలా వచ్చేవి. ఎందుకని అడగకండి, ఇప్పటికీ నాకు తెలియదు. అక్కడ నిలబడి ఎవరికీ వినపడని ఉపన్యాసాలు ఎన్ని ఇచ్చానో! బయటికి రాగానే మళ్ళీ మూగవాడిలా తల దించుకుని నడిచేవాణ్ణి.

ఇక మా అక్క. ఒడిలో చాట, చాటలో తునికాకు, వేళ్ళ మధ్య దారం. నేను ఏదైనా చెబుతుంటే తల ఎత్తేది కాదు, చేయి ఆపేది కాదు, నేను తడబడ్డ చోట మాట అందించేది కాదు. మిగతా వాళ్ళందరూ నా మాటలు వాళ్ళే పూర్తి చేసేవాళ్ళు, అందులో సగం నేను అనబోయినవి కావు. అక్క మాత్రం నేను చెప్పడం అయ్యాక, అదీ మొత్తం అయ్యాక, జవాబు చెప్పేది. ఆమె అక్షరం ముక్క చదువుకోలేదు. అయితే నాకు తెలిసినంతలో ఆమెలా వినడం వచ్చిన మనిషిని ఈ జిల్లాలో చూడలేదు.

పదో తరగతి అయ్యాక నోటితో పనిలేని కొలువు చూసుకో అని చుట్టాలందరూ సలహా ఇచ్చారు. అదే నాకు కడుపు మంట పుట్టించింది. నా నోరు నాకు ఉంది కదా, దానితో పనిలేని కొలువు నేనెందుకు వెతుక్కోవాలి? సర్కారు బస్సులకు కండక్టర్లను తీసుకుంటున్నారని తెలిసి కాగితాలు పెట్టాను. మార్కులు చూసి పిలిచారు. బల్ల అవతలి సారు పేరూ ఊరూ అడిగాడు, అదృష్టం కొద్దీ రెండూ నాకు తేలికైన అక్షరాలే. ఖాకీ బట్టలు వేసుకుని ఇంటికి వస్తే అవ్వ ఏడ్చింది. బాపు మాత్రం మెల్లగా, "మరి ఊర్ల పేర్లు అరవాల్నాయె, ఎట్ల బిడ్డా?" అన్నాడు.

ఎట్లా అంటే, మోసం చేశాను. నాకు పడిన రూటు సిరిసిల్ల నుంచి వేములవాడ మీదుగా కరీంనగర్. వేములవాడ, వెదిర, రేకుర్తి వీటితో పేచీ లేదు. కొదురుపాక, కొత్తపల్లి, కరీంనగర్, ఈ మూడు నా శత్రువులు. నత్తి ఉన్నవాడికి మాటలు మార్చే విద్య పుట్టుకతోనే వస్తుంది. కొదురుపాక అనాల్సిన చోట "వాగు కాడ దిగేటోళ్ళు" అనేవాణ్ణి, కొత్తపల్లికి ఇంకేదో గుర్తు చెప్పేవాణ్ణి. కరీంనగర్ చివరి స్టాపు కాబట్టి ఏమీ అనకుండా దిగిపోయేవాణ్ణి. అలా నెలలు గడిచాయి, ఎవరూ పట్టుకోలేదని లోలోపల మురిసిపోయాను.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఒక ముసలమ్మ కొదురుపాకకు టికెట్టు తీసుకుంది. ఆమెకు చూపు ఆనదు. నేను మామూలుగా వాగు మాట చెప్పి బెల్లు కొట్టాను. ఆమె దిగలేదు. ఊరు దాటిపోయిందని వెదిరలో తెలిసి, అక్కడే దిగి, ఆ ఎండలో చెప్పులు లేని కాళ్ళతో తిరుగు దారి పట్టింది. ఆపుదామని నోరు తెరిచాను, మాట పెగల్లేదు, బస్సు కదిలింది. రెండు రోజులకు ఆమె కొడుకు రాసిన ఫిర్యాదు డిపోకు వచ్చింది.

డిపో అధికారి మంచివాడు, ఆయన మంచితనమే నాకు గండమైంది. తిట్టలేదు, కూర్చోమన్నాడు. "గ్యారేజీలకు మారుస్త. ఆడ ఎవలతోని మాట్లాడే పని ఉండది. నీ మంచికే చెప్తున్న" అన్నాడు. ఇంటికి వచ్చి చెబితే బాపు కూడా అదే మాట, కొలువైతే పోతలేదు గదా బిడ్డా, ఊకో అన్నాడు. అందరూ నా మంచి కోరేవాళ్ళే. అందరూ కలిసి నన్ను సాంచెల షెడ్డు లాంటి ఇంకో చప్పుడులోకి పంపి తలుపు వేద్దామని చూస్తున్నారు.

ఆ వారం నా సెలవు రోజున నేను కొదురుపాకకు వెళ్ళాను. ఆ ఊరు ఇప్పుడు ప్రాజెక్టు నీళ్ళలో మునిగిపోయింది, ఊరోళ్ళు వేరే చోట ఇళ్ళు కట్టుకున్నారు. అప్పట్లో మాత్రం పెంకుటిళ్ళ మధ్య ఆ ముసలమ్మ ఇల్లు వెతుక్కోవడానికి ఎంతో సేపు పట్టలేదు. గడపలో కూర్చుని ఉంది, పాదాలకు ఏదో పసరు రాసుకుని. తప్పయింది అని చెప్పడానికి కూడా నేను ఎంత తడబడ్డానో! ఆమె ఓపికగా విని, అప్పుడు అంది, "వాగు కాడ అంటే నాకేమెర్క బిడ్డా, ఏ వాగో! నత్తి ఉంటే నత్తితోనే చెప్పు. నాకేం తొందరున్నది? ఇంటికి పోయినా కూసునుడే, బస్సుల కూసుంటే ఏంది?"

తిరుగు బస్సులో ఆ మాటే నా చెవుల్లో తిరిగింది. నత్తి పోగొట్టుకోవడానికి అన్నేళ్ళు తన్నుకులాడాను గానీ, నత్తితోనే చెప్పవచ్చని నాతో అన్న మనిషి అంతవరకు ఒక్కరూ లేరు.

మర్నాడు అధికారి ముందు నిలబడి, గ్యారేజీకి పోను సార్, ఒక్క నెల ఇవ్వండి అన్నాను. ఆ రెండు ముక్కలు చెప్పడానికి చాలా సేపు తీసుకున్నాను, కావాలనే ఏ మాటా మార్చలేదు. ఆయన నెల ఇచ్చాడు. మళ్ళీ ఒక్క ఫిర్యాదు వచ్చినా మాట్లాడకుండా గ్యారేజీకి పోవాలన్నాడు.

నెలలో నత్తి పోదని నాకు తెలుసు. ఆ విషయం అక్కకు ఇంకా బాగా తెలుసు. నేను ఆరు ఊళ్ళనూ రేపటి నుంచే గడగడా చెప్పేస్తానని వీరావేశంగా అంటుంటే, ఆమె బీడీకి దారం చుట్టి తెంపి, "మూడే గదా నీకు రానియి. వారానికొక్కటి పట్టు. నాలుగో వారం మూడు కలిపి చెప్పు. గంతకన్న ఎక్కువ పెట్టుకోకు" అంది. అంతే. నా జీవితంలో ఎవరైనా నాకు వేసి ఇచ్చిన ప్రణాళిక అదొక్కటే, చదువురాని మనిషి వేసింది.

రెండో తోడు మా డ్రైవరు. ఆదిలాబాద్ అవతలి వాడు, తెలుగులో మరాఠీ కలిపి మాట్లాడేవాడు, నన్ను భావూ అని పిలిచేవాడు, అంటే వాళ్ళ భాషలో అన్నో తమ్ముడో. సంగతి చెబితే నవ్వలేదు, జాలి పడలేదు. స్టాపు రాగానే బండి ఆపి, అద్దంలో నన్ను చూస్తూ కూర్చునేవాడు. బెల్లు కొట్టినా కదిలేవాడు కాదు. "బెల్లు నాకు ఇనపడది భావూ, ఊరు పేరు ఇనపడాలె" అనేవాడు. మొదటి వారం కొత్తపల్లి. రెండో వారం కొదురుపాక. ఇంజను చప్పుడులో నాకు మాట కొంచెం తేలిగ్గా వస్తుందని కనిపెట్టి, కరీంనగర్ వంతు వచ్చిన మూడో వారం నుంచి స్టాపులో ఇంజను కూడా బంద్ చేయడం మొదలుపెట్టాడు. నిశ్శబ్దంలో నలభై మంది ముందు నా గొంతు ఒక్కటే. నవ్విన వాళ్ళున్నారు, నన్ను అనుకరించిన కాలేజీ పిల్లలున్నారు. ముఖం మండిపోయేది. అయినా పేరు పూర్తయ్యేదాకా నోరు మూసేవాణ్ణి కాదు.

నాలుగో వారం ఒక రోజు అధికారి వేములవాడలో మా బస్సెక్కి, వెనక సీట్లో కూర్చున్నాడు. రాజన్న గుడిలో దర్శనం చేసుకుని వస్తున్న జనంతో బస్సు కిక్కిరిసి ఉంది. కొదురుపాక వచ్చింది. ఇంజను ఆగింది. నేను "కొ..." దగ్గర ఆగిపోయాను, అదివరకు ఎన్నడూ అంతగా ఆగలేదు. దవడ బిగుసుకుంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముందు సీట్లో కండువా వేసుకున్న ఒకాయన విసుగ్గా, "కొదురుపాకేనాయె, దిగుండ్రి దిగుండ్రి" అని నా బదులు అందరికీ చెప్పబోయాడు. నేను చేయి అడ్డం పెట్టాను. "ఆగుండ్రి. నేనే చెప్త" అన్నాను. అది మాత్రం తడబడకుండా వచ్చింది, చూడండి! బస్సంతా నా నోటి వైపు చూస్తుండగా ఆ ఊరి పేరును ఒక్కో అక్షరం లాక్కుంటూ, చివరిదాకా చెప్పాను. దిగాల్సిన వాళ్ళు దిగారు, మూటలు అందుకున్నారు. కొత్తపల్లి దగ్గర కొంచెం నయం. కరీంనగర్‌లో ఎవరికీ అవసరం లేకపోయినా, చివరి స్టాపు అని అందరికీ తెలిసినా, తలుపు దగ్గర నిలబడి ఆ పేరు కూడా చెప్పాను.

జనం దిగాక అధికారి నా దగ్గరికి వచ్చి, "నత్తి పోలేదు గదయ్యా" అన్నాడు.

"పోదు సార్. ఊరి పేరైతే చెప్పిన గదా" అన్నాను.

ఆయన నన్ను, తరువాత అద్దంలో నుంచి చూస్తున్న మా డ్రైవరును చూసి, సరే పని చేసుకో అని దిగిపోయాడు. ఆ సాయంత్రం ఇంటికి పోయి చెబితే అవ్వ దిష్టి తీసింది, బాపు వీధిలోకి పోయి కనపడిన వాళ్ళందరికీ చెప్పి వచ్చాడు. అక్క చాట కింద పెట్టింది. ఆమె చేయి ఆపి నా మాట వినడం అదే మొదటిసారి.

ఆ ఖాకీ బట్టలతోనే నా జుట్టు నెరిసింది. గొప్పవాణ్ణి కాలేదు, వక్తనూ కాలేదు, వాటి మీద నాకు ఆశ కూడా లేదు. మూడు ఊళ్ళ పేర్లు నా నోటితో నేను చెప్పుకోవాలనుకున్నాను, చెప్పుకున్నాను. పిల్లలకు ఇప్పుడు ఆకాశం అందుకోమని నేర్పుతున్నారు, తప్పని అనను. కానీ ముందుగా తలుపు దగ్గర నిలబడి ఒక్క ఊరి పేరు చెప్పడం వస్తే చాలని నా లాంటి వాడికి అనిపిస్తుంది.

పోయిన నెల పాత దారిలో ఒకసారి బస్సెక్కాను. తలుపులు వాటంతటవే మూసుకుంటున్నాయి, ముందర ఎర్ర అక్షరాల్లో ఊళ్ళ పేర్లు పరుగెడుతున్నాయి, కండక్టరమ్మకు అరవాల్సిన పనే లేదు. ఒకప్పుడు ఊరి పేరు వినపడగానే బస్సులో ఎంత సందడి లేచేది, చెప్పులు వెతుక్కోవడం, పిల్లల్ని లేపడం, పక్కవాళ్ళకు పోయొస్తామని చెప్పడం! ఇప్పుడు ఎవరి ఫోన్‌లో వాళ్ళు తల దించుకుని, ఊరు వస్తే దిగి పోతున్నారు. పేరును గట్టిగా పిలిస్తే తప్ప ఊరు రాదనుకున్న కాలం ఒకటి ఉండేదని ఆ పిల్లలకు ఎవరు చెబుతారు? కొత్తపల్లి దగ్గర పడింది. అవసరం లేదని తెలుసు, నవ్వుతారనీ తెలుసు. సీట్లో నుంచి లేచి, కడ్డీ పట్టుకుని, ఎంత సేపు పట్టినా సరే అనుకుని, ఆ పేరు మొత్తం చెప్పి కూర్చున్నాను.