బందెలదొడ్డిలో పళ్ళ సెట్టు

2018 జనవరిలో నన్ను కలకత్తా ప్రధాన కార్యాలయం నుంచి ఒక చిన్న పురపాలక సంఘానికి డెప్యుటేషన్ మీద పంపారు. డెప్యుటేషన్ అంటే జీతం ఒక చోట, పని ఇంకో చోట. అప్పటికి నేను సహాయ ప్రణాళికాధికారిని. పదవీ విరమణకు ఇంకా ఏడాదిన్నర ఉంది. ఊరి పేరు రాయను. బడ్జ్ బడ్జ్ లోకల్ రైల్లో చివరిదాకా వెళ్ళి, అక్కడ ఆటో ఎక్కితే నది ఒడ్డున వచ్చే మిల్లు ఊరు. ఏక్‌బాల్‌పూర్‌లోని మా ఇంటి నుంచి వారానికి మూడు రోజులు వెళ్ళొచ్చేదాన్ని.

చిన్న ఊళ్ళ నడిబొడ్డును చూడదగ్గదిగా తీర్చిదిద్దే పథకం అది. ఆదివారం పూట కలకత్తా వాళ్ళు పిల్లాపాపలతో వచ్చి, ఫెర్రీ పడవలు ఆగే ఘాట్ నుంచి మిల్లు గేటు వరకు ఉన్న బజారు వీధిలో తిరిగి, ఏదైనా తిని, ఏదైనా కొని, మళ్ళీ రావాలనుకుంటూ వెళ్ళాలి. ఏం చేస్తే అలా వస్తారో ఉత్తర్వులో రాసి ఉంది. కాలువల మీద పలకలు వేయాలి, కాలిబాట చదును చేయాలి, కొట్లన్నిటికీ ఒకే కొలత, ఒకే రంగు బోర్డులు పెట్టాలి. మొదటి రెండూ ఇంజనీర్ల పని. మూడోది నాది.

నాకు ఆ మూడోది నచ్చింది. ఒక వీధిలో బోర్డులన్నీ ఒకే గీత మీద ఉంటే చూడటానికి ఇప్పటికీ నాకు హాయిగానే ఉంటుంది. ఈ మాట ముందే చెప్పడం మంచిది.

ఆ బజారు సంగతి కొంత చెప్పాలి. జనపనార మిల్లు జోరుగా నడిచిన రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి మనవాళ్ళు, బిహార్ నుంచి, ఒడిశా నుంచి జనం అక్కడికి పనికి వచ్చారు. ఎవరి భాష వాళ్ళది, చాలామందికి ఏ లిపీ రాదు. అందుకని కొట్లవాళ్ళు పేరు రాయించడం మానేసి, అమ్మే వస్తువునే పెద్దది చేసి వేలాడదీశారు. చెప్పుల కొట్టు మీద మనిషంత పొడవు కర్ర బూటు. కళ్ళజోళ్ళ కొట్టు మీద సైకిల్ చక్రాలతో చేసిన కళ్ళద్దాలు. గొడుగుల కొట్టు మీద రేకు గొడుగు. వానాకాలంలో దాని కింద అరడజను మంది నిలబడేవారు, వాళ్ళలో కొనేవాళ్ళు ఎవరూ ఉండేవారు కాదు. దారి అడిగితే ఆ ఊళ్ళో వీధి పేరు చెప్పరు. బూటు దాటి కళ్ళద్దాల దగ్గర తిరగమంటారు.

వీటన్నిటిలోకీ పెద్దది పళ్ళ సెట్టు. ఇనప తీగల మీద సిమెంటు పూసి చేసినది. పైదవడ, కిందిదవడ, గులాబీ రంగు చిగుళ్ళు. ఎవరో కాలు తొక్కితే అరుస్తున్నట్టు నోరు బారుగా తెరిచి ఉండేది. పై కోరపన్ను వెనక పిచ్చుకలు గూడు పెట్టాయి. యజమాని హారాధన్ బాబు కట్టుడు పళ్ళు చేసే కారీగరు. పళ్ళు పీకడు, మందులివ్వడు. కొలత తీసుకుని సెట్టు చేసిస్తాడు, అంతే. డెబ్బై దాటినవాడు, నోట్లో ఒక్క పన్ను లేదు. తన కోసం చేసుకున్న సెట్టు జేబులో ఉండేది. పెట్టుకోవేమని అడిగితే, కొత్తది, దుర్గా పూజలకు దాచానన్నాడు.

అతని గది మేడ మీద. కింద మిఠాయి కొట్టు, పక్కన సన్నటి మెట్లు. నది అవతల నుంచి ఫెర్రీలో వచ్చే ముసలివాళ్ళకు తెలిసిన అడ్రసు ఒకటే, పళ్ళ కింది మెట్లు. సెట్టు తీసేస్తే తన దగ్గరికి ఎవరూ రారని, ఈ వయసులో ఇంకో పని నేర్చుకోలేనని అతని మొర.

పాత గుర్తులు తీసేయాలని నోటీసు ఇచ్చాక విచారణ జరపాలి. అంటే అభ్యంతరం ఉన్నవాళ్ళు వచ్చి చెప్పుకోవాలి, నేను రాసుకోవాలి. హారాధన్ బాబు నలుగురు సాక్షులను తెచ్చాడు. వాళ్ళ సాక్ష్యం ఏమిటని అడిగాను. నలుగురూ నోట్లోంచి తీసి నా బల్ల మీద పెట్టారు. ఆ తర్వాత వాళ్ళు చెప్పినదాంట్లో ఒక్క ముక్క అర్థం కాలేదు. ‘సాక్షులు హాజరు, వాంగ్మూలం అస్పష్టం’ అని రాసి అభ్యంతరం తోసిపుచ్చాను.

మార్చి చివర్లో అన్నిటినీ దించి, చీటీలు కట్టి, బజారు వెనక ఉన్న బందెలదొడ్డిలో పెట్టించాం. ఊరి మీద తిరిగే పశువులను కట్టేసే చోటు అది. అప్పటికి అందులో ఒక్క ఎద్దు ఉంది, దాని కోసం ఎవరూ రాలేదు. పళ్ళ సెట్టును దాని పక్కన దించుతుంటే హారాధన్ బాబు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“దిది, నా పళ్ళను చూసుకోవడానికి రావచ్చా?”

దొడ్డి నియమం నాకు తెలుసు. పశువును బంధించినా, యజమాని పని వేళల్లో వచ్చి దాన్ని చూసుకోవచ్చు, మేత వేసుకోవచ్చు. స్వాధీనం చేసుకున్న సొత్తు దేనికైనా అదే వర్తిస్తుంది. ఆ మాటే చెప్పాను.

“ఎంతసేపు చూసుకోవచ్చు?”

“నియమంలో అది లేదు” అన్నాను. లేనిది ఉందని చెప్పే అలవాటు నాకు లేదు.

కొత్త బోర్డులు లేచాయి. నీలం మీద తెల్ల అక్షరాలు, ఒకే ఎత్తు, ఒకే వరస. ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు, అంటే ఆఫీసుకంతటికీ పెద్ద, కుర్రవాడు, వీధి ఈ చివర నిలబడి ఆ చివరకు చూసి సంతోషించాడు. వాటిని చదవాల్సినవాళ్ళ పరిస్థితి వేరు. తవిటమ్మ అని, మిల్లులో పనిచేసి మానేసిన ముసలామె, కింది సెట్టు ఒరుసుకుంటోందని సరిచేయించుకోవడానికి వచ్చింది. గుర్తు కనబడక వేరే మెట్లు ఎక్కింది. అది బీమా ఏజెంటు గది. ఆమె కుర్చీలో కూర్చుని నోరు తెరిచింది. అతను పాలసీల గురించి చెప్పడం మొదలుపెట్టాడు. చాలాసేపు ఇద్దరిలో ఎవరూ నోరు మూయలేదు. అక్కణ్ణుంచి లేచి, ఆఫీసులో తెలుగావిడ ఉందని ఎవరో చెబితే నా బల్ల ముందుకొచ్చి నిలబడింది.

“ఏటమ్మా, ఊరంతటికీ తెలిసిన పల్లు అయ్యి. ఎక్కడెట్టేసినారు?”

బందెలదొడ్డిలో ఉన్నాయన్నాను.

“ఏటి సేసినాయని కట్టేసినారు?” అంది.

దారి చెప్పి పంపాను. వెళ్ళేసరికి హారాధన్ బాబు అక్కడే ఉన్నాడట. పొద్దున్నే స్టూలు తెచ్చుకుని పళ్ళ కింద కూర్చున్నాడు. ఆమెది అక్కడే అరగదీసి ఇచ్చాడు. సంగతి ఫెర్రీ దాటింది. వారం తిరక్కుండా చెప్పులు కుట్టేవాడు బూటు పక్కకు, కళ్ళజోళ్ళవాడు కళ్ళద్దాల పక్కకు చేరారు. గొడుగులవాడు రేకు గొడుగు తిరగేసి అందులో సరుకు పరిచాడు. జనం వస్తున్నారని తెలిసి నేను తనిఖీకి వెళ్ళాను. ఒక్కొక్కరినీ ఇక్కడేం చేస్తున్నారని అడిగాను. సొత్తు చూసుకుంటున్నామన్నారు. నిజంగానే ప్రతివాడూ తన సొత్తు వైపు తిరిగి కూర్చున్నాడు. మధ్యలో కుంపటి పెట్టుకుని చాయ్, మూరీ అనే మరమరాలు అమ్ముతున్నవాడికి సొత్తేమీ లేదు. నువ్వెవరని అడిగాను.

“మేత, దిది” అన్నాడు.

ఏ నియమమూ అతిక్రమించలేదని నివేదిక రాసిచ్చాను. ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు దాన్ని రెండుసార్లు చదివి, తలపట్టుకుని, పరిశీలన బృందం వచ్చి వెళ్ళేదాకా ఆ కాగితం తనకు అందనట్టే ఉండమన్నాడు. అందినట్టు సంతకం పెట్టారు కదా సార్ అన్నాను.

ఏప్రిల్‌లో కలకత్తా నుంచి ముగ్గురు సభ్యుల బృందం వచ్చింది. ఊరు పథకంలో ఉండాలో పోవాలో వాళ్ళే తేలుస్తారు. అధ్యక్షురాలు నా వయసావిడ. ఘాట్ దగ్గర మొదలుపెట్టి, ఎక్కడా ఆగకుండా, మాట్లాడుకుంటూ మిల్లు గేటు దాకా నడిచారు. అక్కడ ఆవిడ నిలబడి, బజారు ఎక్కడ మొదలవుతుందని అడిగింది. అయిపోయింది మేడమ్ అన్నాడు మా ఆఫీసరు.

వెనక్కి తిరిగేటప్పుడు ఇంజనీర్లు వేసిన పలక అంచు తగిలి ఆవిడ చెప్పు తెగింది. చెప్పుల కొట్టు కోసం ఆఫీసరు అటూ ఇటూ చూశాడు. అన్నీ నీలమే. అరటిపళ్ళమ్మే మనిషి జాలిపడి, బూటు దొడ్డిలో ఉంది బాబూ అని చెయ్యి చూపించింది. అధ్యక్షురాలు చెప్పు చేత్తో పట్టుకుని అటే నడిచింది. ఆపడానికి ఆఫీసరుకు కారణం దొరకలేదు.

ఆ మధ్యాహ్నమంతా వాళ్ళు బందెలదొడ్డిలోనే ఉన్నారు. అధ్యక్షురాలు బూటు నీడన కూర్చుని చెప్పు కుట్టించుకుంది, రెండు చాయ్‌లు తాగింది, తన కింది పళ్ళ సంగతి హారాధన్ బాబుతో మెల్లగా మాట్లాడింది. ఒక సభ్యుడు గొడుగు బేరమాడాడు. ఇంకొకాయన సైకిల్ చక్రాల కళ్ళద్దాల్లోంచి ఎద్దును ఫోటో తీశాడు. ఎక్కాల్సిన రైలు వెళ్ళిపోయింది, ఎవరూ తొందరపడలేదు. వాళ్ళ నివేదికలో వీధికి ఒక్క వాక్యం దక్కింది, శుభ్రంగా ఉందని. మిగిలినదంతా దొడ్డి గురించే. ఇంత చూడదగ్గ బజారును వెనక ఎందుకు దాచారని చివర ప్రశ్న.

దాచడానికి కారణం మేం ఇచ్చిన ఉత్తర్వే కాబట్టి దాన్ని సవరించాలి. బోర్డులు ఉంటాయి, పాత గుర్తులూ ఉండొచ్చు, కాకపోతే కింది అంచు కాలిబాటకు రెండున్నర మీటర్ల ఎత్తున ఉండాలి. తల మీద బరువుతో నడిచే మనిషికి తగలకుండా ఉండటానికి ఆ కొలత. మళ్ళీ వేలాడదీశాక అన్నిటినీ నేనే కొలిచాను. బూటు, కళ్ళద్దాలు, గొడుగు నెగ్గాయి. పళ్ళ సెట్టు నెగ్గలేదు. కిందిదవడ తొమ్మిది సెంటీమీటర్లు దిగువకు వచ్చింది. మొత్తంగా పైకి జరపబోతే పైదవడ హారాధన్ బాబు కిటికీకి అడ్డం. ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు, తొమ్మిదే కదా, వదిలేయండి అన్నాడు. వదలనన్నాను. కిందిదవడ ఒక్కదాన్నే పైకి కట్టించడం తప్ప దారి లేదు.

హారాధన్ బాబు మొహం వాడిపోయింది.

“నోరు మూసుకున్న పళ్ళను చూసి ఎవరొస్తారు దిది?”

“మూయమనలేదు. తొమ్మిది సెంటీమీటర్లు తగ్గించమన్నాను.”

మేస్త్రీ నిచ్చెనెక్కి కిందిదవడను పైకి కట్టాడు. నేను మళ్ళీ కొలిచి, సరిపోయిందన్నాక అందరం రోడ్డు అవతలికి వెళ్ళి చూశాం. ఇన్నేళ్ళూ అరిచిన నోరు అరవడం మానేసి నవ్వుతోంది. హారాధన్ బాబు కొంచెంసేపు చూశాడు. తర్వాత జేబులోంచి తన సెట్టు తీసి పెట్టుకున్నాడు. కుదరలేదు, మళ్ళీ తీసేశాడు.

అప్పుడే ఫెర్రీ దిగి వచ్చిన తవిటమ్మ తలెత్తి చూసింది.

“నెప్పి తగ్గినట్టుందమ్మా” అంది.

ఇప్పుడు ఆదివారాల్లో కలకత్తా వాళ్ళు దాని కింద నిలబడి, తామూ పళ్ళు బయటపెట్టి ఫోటోలు తీసుకుంటున్నారని విన్నాను. నా బోర్డులు అక్కడే ఉన్నాయి, ఎవరూ చదవకపోయినా అన్నీ ఒకే గీత మీద ఉన్నాయి. ఆ డెప్యుటేషన్‌లో నేను తెలుసుకున్నది ఇంతే. వీధిలో మనిషి ఆగాలంటే ఏదో ఒకటి గీత దాటి బయటికి రావాలి. అది ఎంతవరకు రావచ్చో కొలిచి చెప్పడమే మా ఉద్యోగం.