ఆవిడ స్టవ్ మీద మా పాలు

శనివారం వస్తే చాలు, మా ఆయన్ని కార్‌లో పడేసి, ఊరి చివర చాండ్లర్ నుంచి ఫీనిక్స్ నడిబొడ్డుకి పాత ఇళ్లు చూడ్డానికి లాక్కెళ్లేదాన్ని. ఆయన ప్రాణం విసిగిపోయింది. నిజం చెప్పొద్దూ, నా ప్రాణమూ విసిగింది. కానీ ఆ సంగతి ఒప్పుకుంటే మర్నాటి నుంచి కదలడు కదా, అందుకని నవ్వు మొహం పెట్టుకునేదాన్ని.

"చాండ్లర్‌లో బంగారం లాంటి ఇల్లుంది మనకి. మేడుంది, గరాజ్ ఉంది. ఆ పాత కొంపల్లో ఏముందే నీకు?" అనేవాడు.

ఏముందో చెప్పడం నాకు చేతకాదు. విశాఖపట్నంలో ఆర్కిటెక్చర్ చదివాను నేను. అమెరికా వచ్చి వీసా గొడవల్లో పడి, ఏదో ఒకటిలే అని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చేరాను. జుట్టు అక్కడే నెరిసింది. ఒక్క గోడ గీసింది లేదు. ఇక మా చాండ్లర్ వీధి సంగతా, అన్ని ఇళ్లదీ ఒకటే ఇసుక రంగు, ఒకటే కిటికీ. ఆఫీస్ నుంచి వచ్చి పక్కింటి గరాజ్ ముందు కార్ ఆపి, తలుపు తెరుచుకోవడం లేదేంటా అని రిమోట్ నొక్కుతూ కూర్చున్నానోసారి.

ఆ పాత ఇళ్లు అలా కాదు. పందొమ్మిది వందల యాభైల్లో కట్టినవి. నేలకి దగ్గరగా, ఏ హడావుడీ లేకుండా పరుచుకుని ఉంటాయి. చూరు బాగా ముందుకొచ్చి ఎండని ఆపుతుంది. హాలుకి వెనకవైపు గోడే ఉండదు, నిలువెత్తు గాజు. పెరడు వచ్చి మన పక్కనే కూర్చున్నట్టుంటుంది. వాకిలి పక్కన కన్నాల ఇటుకలతో జాలీ గోడ, పొద్దున్నే దాని నీడ నేల మీద పడుతుంది. ఎవరో ఒక మనిషి కూర్చుని, ఎండ ఎటు తిరుగుతుందో ఆలోచించి కట్టాడే అనుకుంటే చాలు, నాకు కళ్ల నీళ్లొచ్చేవి.

నాలాంటి పిచ్చివాళ్లు ఆ ఊళ్లో బోలెడుమంది. అమ్మే ఇల్లు చూసుకోమని తలుపులు తెరిచి పెట్టే ఓపెన్ హౌస్ అంటే చాలు, గుండ్రటి కళ్లద్దాలు పెట్టుకుని దిగిపోతారు. గోడల్ని చేత్తో నిమురుతారు. బాత్రూమ్‌లో నాటి గులాబీ రంగు టైల్స్ కనిపిస్తే, గుళ్లోకి వచ్చినట్టు గొంతు తగ్గించి "ఒరిజినల్" అనుకుంటారు. వాళ్ల వెనకాలే మా ఆయన, తల పైకెత్తి సీలింగ్ మీద తడి మరకలు వెతుక్కుంటూ. మేం ఇంటికెళ్లి ఆలోచించుకునేలోపు ఆ కళ్లద్దాల వాళ్లు ఆఫర్ పెట్టేసేవాళ్లు. ఎన్ని ఇళ్లు చేజారిపోయాయో! పప్పులో తాలింపు పెడుతూ ఏడ్చిన ఆదివారాలున్నాయి నాకు.

ఆఖరికి ఒక ఇల్లు మాకు దక్కేలా కనిపించింది. ఓనర్ ఒక పెద్దావిడ. భర్త పోయాడు, మోకాళ్లు మొరాయిస్తున్నాయి, కూతురి ఊరికి వెళ్లిపోతోంది. కళ్లద్దాల వాళ్లు డిజైన్ గురించి మాట్లాడుతుంటే నేను ఉండబట్టలేక, "ఎండాకాలం సాయంత్రాలు మీరెక్కడ కూర్చుంటారండీ?" అని అడిగాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, గాజు గోడ పక్కన కుర్చీ చూపించింది. ఇల్లు మాకే ఇస్తానంది.

మా ఆయన ఫోన్‌లో కంపాస్ తెరిచాడు. ముందు తలుపు దక్షిణం. చచ్చాంరా దేవుడా అనుకున్నాను. ఆయన ఇల్లంతా తిరిగొచ్చి, "కార్ పెట్టుకునే వైపు తలుపు తూర్పుకే ఉందిలే. అదే సింహద్వారం అనుకుందాం" అన్నాడు. ఆ క్షణంలో ఆయన మీద ఎంత ప్రేమ పొంగుకొచ్చిందో! కానీ ఒక షరతు పెట్టాడు. "మంచి ముహూర్తంలో పాలు పొంగాలి. లేదంటే నాకీ ఇల్లొద్దు. ఇందులో మాత్రం నన్ను బతిమాలకు."

సరేనన్నాను. తీరా చూస్తే లోన్ వాళ్లు నాన్చి నాన్చి, ఇల్లు మా పేర రాసిచ్చే క్లోజింగ్ వెనక్కి జరిపారు. ఈలోపు మూఢం వచ్చేస్తోంది, ఆ తర్వాత నెలల తరబడి ముహూర్తాలే లేవు. కాంట్రాక్ట్ ప్రకారం వెనక్కి తగ్గడానికి మాకింకా వీలుంది, ఆయన తగ్గుతాడని నాకు తెలుసు. ఇంకో ఇల్లు వెతికే ఓపిక నాకు లేదు. ఇక్కడ మనవాళ్లందరూ చేసే పనే నేనూ చేశాను. తాళాలు చేతికి రాకముందే మీ వంటింట్లో పాలు కాచుకుంటాం అని ఆవిడని అడిగాను. "రండి, నేనూ చూస్తాను" అంది.

అన్నీ వివరంగా చెప్పాను. చెప్పులు విప్పాలని, దేవుడి పటం పెడతామని, కొబ్బరికాయ కొడతామని, అగరొత్తుల పొగకి అలారం మోగినా కంగారు పడొద్దని. పాలు పొంగి పొర్లాలన్న ముక్క ఒక్కటే చెప్పలేదు. మనలో ఎవరైనా అది విడిగా చెబుతారా అసలు?

ఆవిడది ఇంటితో పాటు అమర్చిన ఎలక్ట్రిక్ స్టవ్. నీలం రంగు గట్టులో చుట్టలు చుట్టిన కాయిల్స్, చుట్టూ ఒక్క మరక లేదు. గిన్నెకి పసుపు రాసి బొట్టు పెట్టి, పాలు పోసి ఎక్కించాను. ఎంతకీ కాగవే! మా ముగ్గురి కళ్లూ గిన్నె మీదే. ఎట్టకేలకు మీగడ కదిలింది, నురగ పైకి లేచింది. మా ఆయన చేతులు జోడించబోయాడు.

అంతే, ఆవిడ మోకాళ్ల నొప్పులు ఏమయ్యాయో గానీ, ఒక్క అంగలో వచ్చి గుడ్డతో గిన్నె ఎత్తేసింది. "పట్టేశాను!" అంది, సంతోషంగా.

"అయిపోయింది" అన్నాడు మా ఆయన తెలుగులో. కోపం కూడా లేదు ఆ గొంతులో. నేను అక్కడే నేల మీద చతికిలబడ్డాను. ఇన్ని శనివారాలు తిరిగింది ఇందుకా అనిపించింది.

"నేనేం చేశాను?" అంది ఆవిడ, గిన్నె పట్టుకునే.

"పొంగాలండీ. పొంగి స్టవ్ మీద పొర్లాలి. అదే మాకు శుభం" అన్నాను, ఏడుపు ఆపుకోకుండానే.

ఆవిడ స్టవ్ వంక చూసింది. "పెళ్లయి వచ్చినప్పటి నుంచీ దీని మీద ఒక్క చుక్క పడనివ్వలేదు నేను" అంది. తర్వాత గిన్నె మళ్లీ కాయిల్ మీద పెట్టి, తనే బటన్ చివరికంటా తిప్పింది.

"టైమ్ ఇంకా ఉంది" అన్నాడు మా ఆయన వాచీ చూసుకుని.

నురగ లేచింది. ఆవిడ చెయ్యి దానంతటదే ముందుకొచ్చింది, రెండో చేత్తో దాన్ని గట్టిగా పట్టుకుంది. పాలు నాలుగు వైపులా పొర్లి చుయ్‌మన్నాయి. వంటింటి నిండా మాడు వాసన. మా ఆయన కళ్లు మూసుకుని దణ్ణం పెట్టాడు. ఆవిడ అలవాటు కొద్దీ గుడ్డ తీసుకుని తుడవబోయి ఆగింది. ఆ గుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టి, మెల్లగా వెళ్లి గాజు పక్కన కుర్చీలో కూర్చుంది.

నేను లేచి స్టవ్ దగ్గరికి వెళ్లాను.

"కాయిల్ చల్లారనివ్వు, చెయ్యి కాలుతుంది" అంది ఆవిడ, పెరట్లోకే చూస్తూ.